ముత్లా గట్టు మీద వడగళ్ళు

నేను వేసిన మంచి ఎత్తులన్నీ ఎప్పుడూ నా మీదికే తిరిగి వచ్చేవి. ఆ రోజు వేసినది మాత్రం ఇంకొకరి మీదికి పోయింది. అందుకే ఇన్నేళ్ళయినా, దెబ్బ తిన్నవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

1990 నవంబరు మొదటి వారం. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి మూడు నెలలు దాటింది. మా రాయచోటి వాళ్ళు చాలామంది అప్పటికే బస్సులెక్కి బాగ్దాద్, అమ్మాన్ మీదుగా ఇల్లు చేరారు. వెళ్ళలేక మిగిలినవాళ్ళలో లాల్ బాషా, వాళ్ళ అక్క జమీలా బీ, నేను ఉన్నాం. మా ముగ్గురికీ కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, ఒక్కడే. అతని గొర్రెలు నేను కాసేవాణ్ణి, కారు బాషా నడిపేవాడు, ఇంట్లో వంట జమీలా అక్కది. కఫీల్ పెళ్ళాంతో సహా సౌదీకి వెళ్ళిపోయాడు. కొడుకు ఒక్కడు ఉండిపోయి సైన్యానికి వ్యతిరేకంగా కాగితాలు పంచాడు. అతను దొరకలేదు. అతని డ్రైవరు దొరికినా చాలని ఇరాకీలు బాషా పేరు ప్రతి చెక్‌పోస్టులోనూ రాసి పెట్టుకున్నారు. ఆ పేరుతో పట్టుబడినవాళ్ళు తిరిగి రావడం మేమెవరమూ చూడలేదు.

బాషా వాళ్ళు తలదాచుకున్న అమ్ఘరాలో షెడ్డు షెడ్డునా సోదాలు మొదలయ్యేసరికి అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒక గడ్డి లారీలో మోపుల కింద దాక్కుని నా దొడ్డికి వచ్చారు. దొడ్డి ముత్లా గట్టుకు కింద, గంట నడక దూరంలో ఉంది. గొర్రెలను సిపాయిలు ఎప్పుడో తోలుకుపోయారు. ఖాళీ దొడ్లో నేను, నా బొంత, రెండు డబ్బాల నీళ్ళు, అంతే.

బస్రాకు రోడ్డు ఒక్కటే. అది గట్టును దాటే చోట పెద్ద చెక్‌పోస్టు. గట్టు అవతల మాత్రం ఒక టమాటా లారీ మా కోసం మూడింటి దాకా ఆగుతుంది. లారీవాడు నాకు తెలిసినవాడు. చెక్‌పోస్టు ఒక్కటి తప్పించుకుంటే బస్రా దాకా అంత పట్టింపు లేదని అప్పట్లో అందరూ అనుకునేవారు. కాబట్టి గట్టును కాలినడకన దాటాలి. గట్టంటే మన కొండల్లాంటిది కాదు. ఒక చెట్టూ చేమా లేని రాతి మెట్ట. కానీ కువైట్‌లో కొండ అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. ఆరేళ్ళు దాని చుట్టూ గొర్రెలు మేపాను. ఏ వాగులో ఎక్కితే ఎక్కడ తేలతామో నా కాళ్ళకు తెలుసు.

తెల్లారకముందే ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం.

"ముగ్గరం కలిసి పోతే, పైన సిపాయిలుంటే ముగ్గరమూ దొరుకుతాం" అన్నాను. "నేను ముందర పోతా. ఎవురన్నా అడిగితే తప్పిపోయిన గొర్రెల్ని ఎతుక్కుంటా ఉండానని చెప్తా. పైన మనుషులుంటే ఎనక్కి వచ్చేస్తా. మీ మధ్యాన్నం జొహర్ నమాజు టయానికి నేను రాలేదంటే దారి బాగుండాదని లెక్క. మీరు బయల్దేరి రాండి. లారీ కాడ ఉంటా."

"యా వాగులో ఎక్కాల్నో మాకెట్లా తెలిసేది గురప్పన్నా?" అన్నాడు బాషా.

"నా తలగుడ్డ పీలిక కట్టి పోతా. అది కనపడిన వాగు ఎక్కండి."

జమీలా అక్క మోకాళ్ళు రుద్దుకుంటూ నన్నే చూసింది. "నువ్వు పట్టుబడితే?"

"నేనెందుకు పట్టుబడతానక్కా? నాకేమన్నా కాగితాలు లేవా?"

చూశారుగా నా తెలివి. పట్టుబడితే వెనక్కి రాలేను. వెనక్కి రాకపోతే దారి బాగుందనుకుని వాళ్ళు బయలుదేరతారు. ఇంత చిన్న లెక్క ముగ్గురిలో ఒక్క ఆడమనిషికి తట్టింది. ఆమె అడిగింది కూడా. నేనే మాట కొట్టేశాను.

సైన్యం లారీలు తిరుగుతుంటే రాళ్ళ చాటున ఆగి ఆగి, పదిన్నరకు గట్టు కిందికి చేరాను. ఆకాశం పడమట నల్లగా ఉంది. వానకాలం ఇంకా రాలేదు కదా, ఇదేదో దుమ్ము అయి ఉంటుందనుకున్నాను. వాగులు అక్కడ మూడు నాలుగు ఉన్నాయి. ఒకదాని నోటి దగ్గర మోకాలెత్తు రాళ్ళకుప్ప, అందులో గుచ్చిన ఇనప కడ్డీ, కడ్డీకి ఎర్ర గుడ్డ కనిపించాయి.

పోయిన నెల అది అక్కడ లేదు. అయినా నాకు అనుమానం రాలేదు సరికదా, ప్రాణం లేచి వచ్చింది. మా ఊరి వెనక కనుమలో అచ్చం అలాంటి కుప్ప ఉంటుంది. పక్కనున్న కంపకు గుడ్డ పీలికలు కట్టి ఉంటాయి. కనుమ దాటే మనిషి ఒక రాయి వేసి, పీలిక కట్టి, కళ్ళకద్దుకుని పోవాలి. అక్కడున్నది అమ్మవారని మేమంటాం, పీరు సాయిబని తురకలంటారు. రాయి మాత్రం అందరూ వేస్తారు. బరువు దిగినట్టు ఉంటుంది, దారిలో పామూ పుట్రా అడ్డం రాదని నమ్మకం. ఇక్కడి ఎడారిలో తిరిగే బదూలకు కూడా ఇలాంటిదేదో ఉందన్నమాట, దిక్కులేని చోట దేవుడే దారి చూపించాడని సంబరపడ్డాను. ఒక రాయి తెచ్చి కుప్ప మీద పెట్టాను. తలగుడ్డ అంచు చించి, ఎర్ర గుడ్డ పక్కనే నా తెల్ల పీలిక గట్టిగా ముడివేశాను. దండం పెట్టుకుని వాగులోకి దిగాను.

అడుగున మెత్తటి ఇసక ఉంది. ఇసకలో నడిస్తే చెప్పు దిగబడుతుంది, మనిషి తొందరగా అలిసిపోతాడు. గొర్రెల వెనక తిరిగినవాడు ఇసకలో నడవడు. ఎడమ పక్క గోడ వెంబడి అరుగులాగా రాతి పలక ఉంది. అలవాటు కొద్దీ దాని మీదికెక్కి పోయాను. ఆ క్షణంలో అది ఒక ఆలోచన కూడా కాదు.

గట్టు పైభాగం ఇంకా రెండు మలుపులుందనగా గాలి చల్లబడింది. ఎండాకాలం పొయ్యిలాగా ఉండే దేశంలో అంత చలి నేనెప్పుడూ ఎరగను. పెద్ద చుక్కలు నాలుగు పడ్డాయి. ఆ వెంటనే వడగళ్ళు. మొదట సెనగ గింజలంత, తరవాత గోలీలంత. నెత్తి మీద, వీపు మీద, చేతుల మీద కొట్టాయి. చూస్తుండగానే రాయీ ఇసకా అన్నీ తెల్లబడ్డాయి. కాలు పెడితే జారుతోంది. చేతులు తల మీద పెట్టుకుని, కనిపించిన రాతి చూరు కిందికి దూరాను.

లోపల ఒక సిపాయి ఉన్నాడు.

తుపాకి మొన నా రొమ్ముకు జానెడు దూరంలో ఆగింది. పాతికేళ్ళుంటాయి. గడ్డం మాసి ఉంది, పెదాలు చలికి నీలంగా ఉన్నాయి. ఎక్కడికని అరబ్బీలో అడిగాడు.

"గనమ్" అన్నాను. గొర్రెలు. చేత్తో నాలుగు దిక్కులా చూపించాను. "గనమ్ పోయినాయి. వెతుకుతున్నాను."

అతను నా ఇఖామా, ఆ దేశంలో ఉండటానికిచ్చిన కాగితం, తీసి చూశాడు. గొర్రెల కాపరి అని రాసి ఉంది. తుపాకి కొంచెం దించాడు. బయటికి చూస్తూ, తమది ఉత్తరాన కుర్దుల ఊరని, ఈపాటికి తమ కొండల మీద మంచు మొదలయి ఉంటుందని, ఇక్కడ తెలుపు చూస్తాననుకోలేదని నాకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పాడు. చెయ్యి చాచి ఒక వడగల్లు పట్టుకుని నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి నాకిచ్చాడు. నేనూ చప్పరించాను. 

అప్పుడు అడిగాడు, ఎటునుంచి ఎక్కావు అని. కింది వాగు చూపించాను. గుర్తు కోసం రాళ్ళకుప్ప, ఎర్ర గుడ్డ అని చేతులతో చెప్పాను.

సిపాయి నవ్వాడు. అబద్ధం చెప్పకు అన్నాడు. నేను మళ్ళీ చూపించాను. కుప్ప దగ్గర నా చెప్పులకు అంటిన ఇసక చూసి అతని నవ్వు ఆగిపోయింది. నా భుజం పట్టుకుని, "అల్గామ్, అల్గామ్" అన్నాడు. ఆ మాట నాకు తెలియదు. పిడికిలి నేలకు ఆనించి, పైకి లేపుతూ వేళ్ళన్నీ విప్పి, నోటితో పెద్ద చప్పుడు చేశాడు. అప్పుడర్థమయింది. మందుపాతరలు. నాలుగు రోజుల కిందట వాగు ఇసకలో తన చేతులతోనే పాతాడట. తమవాళ్ళు పొరపాటున అడుగు పెట్టకుండా కుప్ప పేర్చి ఎర్ర గుడ్డ కట్టారట. నువ్వెలా బతికావు అని నన్నే అడిగాడు.

వాచీ చూసుకున్నాను. పన్నెండు దాటి పది నిమిషాలు. జొహర్ అయిపోయింది. నేను వెనక్కి వెళ్ళలేదు. దారి బాగుందని వాళ్ళు బయలుదేరి ఉంటారు. బాషా కూడా మా ఊరివాడే. ఆ కుప్ప చూడగానే వాడి ప్రాణమూ లేచి వస్తుంది. పక్కన నా పీలిక కూడా ఉంది. మోకాళ్ళ నొప్పి మనిషిని వాడు రాతి పలక ఎక్కించడు. మెత్తగా ఉంది పద ఆపా అంటూ ఇసకలోనే నడిపిస్తాడు.

చెబితే, ఒక ఆడమనిషి, వెతుకుతున్న డ్రైవరు ఇద్దరినీ నా నోటితో నేనే సిపాయికి అప్పగించినట్టు. చెప్పకపోతే, గొర్రెల కాపరిగా సలాం పెట్టి లారీ దగ్గరికి పోవచ్చు. అబద్ధమెందుకు, ఆ రెండో ఆలోచన కూడా నాకు వచ్చింది. లారీ కళ్ళ ముందు కనిపించింది. వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"గొర్రెలు లేవు" అన్నాను. "కింద మనుషులు వస్తున్నారు. నా తమ్ముడు. నా అక్క. ఆ వాగులోకే."

సిపాయి వాగు వైపు చూశాడు.  గాలిలోకి ఒక గుండు పేల్చమని కాళ్ళు పట్టుకున్నాను, ఆ చప్పుడుకి వాళ్ళు ఆగుతారని. తల అడ్డంగా ఊపాడు. పేలిస్తే పైనున్న దళం దిగి వస్తుంది. అరగంటలో తనను మార్చడానికి జీపు ఎలాగూ వస్తుంది. అంతలోపు వెళ్ళు, నేను నిన్ను చూడలేదు అని ఇఖామా నా చేతిలో పెట్టాడు.

ఎక్కడానికి గంట పట్టిన దారి దిగడం మొదలుపెట్టాను. వడగళ్ళు ఆగాయి కానీ నేలంతా తెల్లటి పరుపు. ఏది పలకో, ఏది ఇసకో తెలియడం లేదు. గోడకు వీపు ఆనించి, ముందు కాలితో మంచు తోసి, కింద రాయి తగిలితేనే బరువు మోపాను. ఒకసారి జారి నడుము దాకా కింద వేలాడాను. కాళ్ళ కింద తెల్లటి ఇసక. మోచేతులతో పైకి పాకాను. ఏ దేవుణ్ణి తలుచుకున్నానో గుర్తులేదు గానీ, తిట్టుకున్నది మాత్రం నన్నే.

చివరి మలుపు దగ్గర పలక తెగి ఉంది. పొద్దున చీలికలో కాలు పెట్టి ఎక్కిన చోటు అది. ఇప్పుడు అందులోంచి నీళ్ళు దూకుతున్నాయి. అక్కడినుంచి దిగడానికి లేదు. వాగు నోరు అక్కడికి డెబ్భై గజాలు.

ఇద్దరూ వచ్చేశారు.

కుప్ప దగ్గర నిలబడి ఉన్నారు. బాషా రాయి పెట్టి చేతులు కళ్ళకద్దుకుంటున్నాడు. అక్క నా తెల్ల పీలికను వేళ్ళతో పట్టుకుని చూస్తోంది. రెండు చేతులూ ఊపాను. బాషా తల ఎత్తి నన్ను చూశాడు. వాడూ చెయ్యి ఊపాడు! అక్కకు నన్ను చూపించి తొందర పెట్టాడు. దూరంగా ఉన్న మనిషి చెయ్యి ఊపితే రమ్మనే కదా అనుకుంటారు. గొంతు చిరిగేలా అరిచాను. నీళ్ళ హోరు, ఎదురుగాలి. నా కేక నాకే సరిగా వినపడలేదు.

తలగుడ్డ తీశాను. మధ్యకు మడిచి, ఒక కొస వేలికి చుట్టి, నిమ్మకాయంత రాయి పెట్టి తిప్పాను. వడిసెల తిప్పడం నాకు నడక వచ్చినప్పటినుంచి వచ్చు. మంద పైరులో పడబోతుంటే ముందు గొర్రెకు జానెడు ముందర రాయి వేస్తాం. మంద మళ్ళుతుంది. అలాగే బాషా కాళ్ళ ముందర వేశాను. రాయి రాయికి తగిలి ఎగిరింది. వాడు ఆగి నా వైపు చూసి, పళ్ళు కనిపించేలా నవ్వాడు. ఈ గురప్పన్నకు ఇప్పుడు కూడా ఎగతాళే అనుకున్నాడేమో. ఒక అడుగు వేశాడు. రెండోది వాడి తొడకు వేశాను. తగిలింది. రుద్దుకున్నాడు, ఏదో తిట్టాడు, కానీ వెనక్కి పోలేదు. అక్క చెయ్యి పట్టుకుని ఇంకా తొందరగా కదిలాడు. కుప్ప దాటితే ఇసక.

వాడి సంగతి నాకు తెలుసు. వాణ్ణి కొడితే పంతం పెరుగుతుంది. నన్ను కొట్టినవాడి అంతు చూస్తానని నా మీదికే వస్తాడు. వాడు వెనక్కి పోవాలంటే ఒకటే దారి. అక్కకు దెబ్బ తగిలితే ఎత్తుకుని పారిపోతాడు.

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆ మనిషి పదకొండు రోజులు దొడ్డికి నడిచి వచ్చి నా నోట్లో గంజి పోసింది. ఆమె భుజానికి గురి పెట్టాను. గుడ్డ కొస వదిలే క్షణంలో ఆమె కాలు చూసుకోవడానికి ముందుకు వంగింది.

రాయి నుదుటికి తగిలింది. అక్క కూలబడింది. ఆ తెలుపులో రక్తం నాకు అంత దూరానికీ కనిపించింది. బాషా ఆమె మీద పడి, తల ఎత్తి నన్ను చూశాడు. ఆ చూపు నేను చెప్పలేను. ఆమెను భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. కుప్ప దాటి బయటికి పోయాక కూడా నేను ఆపలేదు. ఏడుస్తూ, వాళ్ళ వెనక రాయి తరవాత రాయి వేస్తూనే ఉన్నాను. మైదానంలో పరుగెత్తుతున్న చిన్న మచ్చ కనిపించకుండా పోయేదాకా వేశాను.

జీపు శబ్దం అప్పుడు వినిపించింది. దళం వాళ్ళు అదే పలక వెంబడి దిగి వచ్చి నన్ను పట్టుకుపోయారు. చూరు కింది సిపాయి నన్ను ఎరగనట్టే నిలబడ్డాడు. తొమ్మిది రోజులు ఇసక బస్తాలు మోయించారు. తరవాత కాగితాలున్న పనివాణ్ణని తేల్చి బస్రా లారీ ఎక్కించారు. డిసెంబరులో ఇల్లు చేరాను. అక్క బతికిందో లేదో తెలియదు. అడగడానికి అక్కడ ఎవరూ మిగలలేదు. ఎన్నో నెలలు తింటున్నా, పడుకున్నా, ఆ నుదురే కళ్ళలో.

యుద్ధం అయిపోయేదాకా అక్కడే ఎక్కడెక్కడో దాక్కుని, జూన్‌లో బాషా రాయచోటి వచ్చాడని తెలిసింది. వాడితో పాటే ఒక మాట కూడా ఊళ్ళోకి వచ్చింది. లారీలో చోటు ఇరుకని గురప్ప తోడొచ్చిన వాళ్ళను రాళ్ళేసి కుక్కలను తరిమినట్టు తరిమాడట. ఇరాకీలు కూడా అంత పని చెయ్యలేదట. టీ కొట్టు దగ్గర నేను వస్తే మనుషులు లేచి పోయేవారు. అక్క గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేకపోయాను. నాలుగో రోజు ఇక ఉండలేక వాళ్ళ ఇంటికే వెళ్ళాను.

తలుపు తీసింది జమీలా అక్కే. కనుబొమ మీదినుంచి జుట్టులోకి ఎర్రటి గీత. బతికి ఉంది. తలుపు చట్రం పట్టుకున్నాను. నోటికొచ్చినట్టు చెప్పేశాను. కుప్ప, గుడ్డ, సిపాయి, ఇసకలో మందుపాతరలు అన్నీ. లోపలినుంచి బాషా గొంతు వచ్చింది.

"ఏడు నెలలు కూచోని అల్లినాడు ఆపా కత. తలుపెయ్."

అక్క తలుపు వెయ్యలేదు. నుదుటి మీద వేలు పెట్టుకుని ఒకటే అడిగింది.

"బాషాను కొట్టబోతే నాకు తగిలిందా?"

ఔనంటే సరిపోయేది. ఆమె అడిగిన తీరు కూడా ఔననమని దారి చూపినట్టే ఉంది.

"లేదక్కా. నిన్నే కొట్టినా" అన్నాను. "బాషాను కొడితే మళ్ళడని, నిన్నే కొట్టినా. భుజానికి గురి పెట్టినా. నువ్వు వంగితివి."

ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి.  తరవాత లోపలికి తిరిగి గట్టిగా అంది.

"బాషా, లేచి రా. ఈయప్ప అబద్ధం చెప్పేవాడైతే ఈ మాట చెప్పడు. ఆ పొద్దు మనం కాలు పెట్టబోయింది సావు మీదే."

బాషా వచ్చాడు. నా చొక్కా రెండు చేతులతో పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టాడు కూడా, చెంప మీద రెండు, గట్టిగానే. ఆ తరవాత చాలాసేపు చొక్కా వదల్లేదు.